మూడు రోజుల సూది

మా ఇంట్లోకి ఏ కాగితం వచ్చినా నా చేతికే వస్తుంది. కరెంటు బిల్లు, బ్యాంకు పాస్‌బుక్కు, సొసైటీ నోటీసు, ఆఖరికి పురుగుమందు డబ్బా మీద అచ్చయిన మాటలు కూడా నేనే చదివి చెప్పాలి. మామయ్య లేరు. అత్తమ్మ ముత్తవ్వకు అక్షరం ముక్క రాదు. నా భర్త లింబాద్రి పదకొండేళ్లుగా దుబాయిలో మేస్త్రీ పని చేస్తున్నాడు. నేను డిగ్రీ రెండో సంవత్సరం దాకా చదివాను. "మా సువర్ణ సదువుకున్నది. గామె జెప్పిందంటే అదే ఖరారు" అని అత్తమ్మ వాడకట్టంతా చెప్పుకుంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల కాస్త గర్వంగానే ఉండేది. ఇప్పుడు వింటే తల ఎత్తబుద్ధి కాదు.

గండం గడిచిపోయింది. గడిచింది కాబట్టే రాయగలుగుతున్నాను. ఆర్మూర్ చుట్టుపక్కల నాలాంటి వాళ్లు చాలామంది ఉంటారు. మొగుడు గల్ఫ్‌లో, చేను చేతిలో, కడుపులో బిడ్డ. వాళ్లలో ఒక్కరికి పనికొచ్చినా చాలు. ఇంకో కారణం కూడా ఉంది, అది చివర చెబుతాను.

ఫిబ్రవరి, కడుపుతో పదిహేడో వారం

నాకప్పుడు ముప్పై ఆరేళ్లు. మా పాప అక్షితకు పదేళ్లు. దసరాకు వచ్చిన లింబాద్రి దీపావళి చేసుకొని వెళ్లిపోయాడు. ఆయన వెళ్లిన రెండు వారాలకు నాకు నెల తప్పిందని తెలిసింది. అంతకు రెండేళ్ల ముందు ఒక కడుపు మూడో నెలలో ఇంట్లోనే పోయింది. అప్పుడు దవాఖానకు కూడా వెళ్లలేదు. పోయినదానికి ఇక మందేమిటి అనుకున్నాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఈసారి ఆర్మూర్‌లో నేను చూపించుకునే డాక్టరమ్మ రక్తపరీక్ష రిపోర్టు చూసి ముఖం ముడిచింది. నా వయసుకు బిడ్డలో పుట్టుకతో తేడా ఉండే అవకాశం కొంచెం ఎక్కువగా కనిపిస్తోందని, ఖాయంగా తెలియాలంటే ఉమ్మనీరు తీసి పరీక్ష చేయాలని, అది హైదరాబాదులో చేస్తారని చెప్పింది. మా మార్కెట్లో పసుపు కొనేవాడు కుప్పలోంచి ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచి లోపలి రంగు చూస్తాడు. పక్కనే ఉన్న అత్తమ్మకు అది గుర్తొచ్చింది.

"కొమ్ము ఇరిస్తెనే రంగు తెలుస్తది మేడమ్, నిజమే. గని ఇరిసినంక అది మల్ల అతుకది గద?"

"ఇది ఇరుసుడు కాదవ్వా. సన్నని సూదితోని జర నీళ్లు తీసుడే" అంది డాక్టరమ్మ.

నేను నవ్వాను. అత్తమ్మ ఇలాంటి పోలికలు తెస్తే నాకు ముచ్చటగా ఉండేది, కొంచెం చిన్నచూపు కూడా ఉండేది. రెండూ నిజమే, దాచడం ఎందుకు.

మేం హైదరాబాదు వెళ్లింది పసుపు ఉడకబెట్టే రోజుల్లో. మా ఊరికి బాయిలర్ ఒక్కటే. ట్రాక్టరు వెనక కట్టి ఒక చేను నుంచి ఇంకో చేనుకు వంతు ప్రకారం తిప్పుతారు. వంతు తప్పితే మళ్లీ వారం పది రోజులు ఆగాలి. ఆలోగా తవ్విపోసిన పసుపు కుప్పలో వేడెక్కి చెడిపోతుంది. మా వంతు మరుసటి రోజు తెల్లవారే ఉంది. అందుకే ఆ రోజు పొద్దున బస్సెక్కినప్పటి నుంచి నా చూపంతా గడియారం మీదే.

పరీక్ష గది చల్లగా ఉంది. సూది పెట్టేముందు డాక్టరు స్కానింగ్ తెర మీద బొడ్డుతాడు చూపించింది. అందులో ఎరుపు, నీలం రంగులు మెరుస్తూ పోతున్నాయి. అదే బిడ్డకు వెళ్లే రక్తం, వచ్చే రక్తం అంది. చప్పుడు కూడా వినిపించింది. గడగడా, ఆగకుండా. సూది గుచ్చినప్పుడు పెద్ద నొప్పేమీ లేదు, కడుపు లోపల ఎవరో గట్టిగా పట్టి లాగినట్టయింది. సూది తీశాక మళ్లీ చప్పుడు వినిపించింది. ఈసారి మోటారు ఆపేశాక పసుపు పాలిష్ డ్రమ్ము తిరిగినట్టు, నెమ్మదిగా, ఆగి ఆగి వచ్చింది.

"ఏమైంది మేడమ్?" అన్నాను.

"కొంతమంది పిల్లలకు కాసేపు ఇలా తగ్గుతుంది. చూద్దాం, మాట్లాడకండి" అంది డాక్టరు.

అత్తమ్మ నా పాదం పట్టుకుంది. తెర మీది నుంచి కళ్లు తీయకుండా ఎంతసేపు చూశామో తెలియదు. మెల్లగా చప్పుడు వేగం పుంజుకుంది. డాక్టరు బొడ్డుతాడులో రక్తం పారే తీరు మరోసారి చూసి, బాగానే ఉంది అంది. నేను అప్పుడు ఏడ్చాను. నా బిడ్డ రక్తాన్ని నేనే ఆపబోయాననిపించింది. ఆ భయం నన్ను తర్వాత చాలా వారాలు వదల్లేదు. నేను భయపడాల్సింది అక్కడ కాదు.

బయటికి వచ్చాక నర్సు ఒక కాగితం ఇచ్చింది. "మీది ఓ నెగెటివ్ కదమ్మా. సూది పెట్టినప్పుడు లోపలి బిడ్డ రక్తం చుక్క మీ రక్తంలో కలవొచ్చు. బిడ్డది పాజిటివ్ అయితే మీ ఒళ్లు దాన్ని శత్రువులా చూడటం నేర్చుకుంటుంది. అలా జరక్కుండా ఒక సూది వేయించుకోవాలి. మూడు రోజుల్లోపలే" అంది. ఆ సూది వాళ్ల మందుల షాపులో ఆ పూటకు అయిపోయిందట, సాయంత్రానికి వస్తుందట. ఆగలేకపోతే మీ ఊళ్లోనే వేయించుకోండి అని కాగితం మీద రాసి, కింద ఎర్రగీత రెండుసార్లు గీసింది.

అత్తమ్మ వెంటనే బెంచీ మీద కూర్చుంది. "కూసుందాం బిడ్డా. సాయంత్రమే గద. ఒక్క పూటల పసుపేం పోతది?"

"బాయిలర్ వంతు పోతది అత్తమ్మా. ఆర్మూర్ల దొరకదా గీ సూది? పోదాం పా."

ఈ రెండు మాటలు ఎవరు ఏది అన్నారో ఉన్నదున్నట్టు రాశాను. దయచేసి ఇంకోసారి చదవండి.

మరుసటి రోజు బాయిలర్ వచ్చింది. నన్ను మంచం మీద నుంచి లేవనివ్వలేదు కానీ, బాయిలర్ డ్రమ్ముల లెక్క చూడటం, కూలీలకు టీలు పంపడం, ఫోన్లు చేయడం అన్నీ నా మీదుగానే నడిచాయి. రెండో రోజు కల్లంలో ఆరబోశారు. మూడో రోజు మధ్యాహ్నం అత్తమ్మ చేతులు పసుపుతో అట్టలు కట్టి ఉండగానే నా మంచం దగ్గరికి వచ్చింది.

"పిల్లా, గా సూది ముచ్చట ఏమాయె? మూడు దినాలన్నది గద నర్సమ్మ. ఆటో పిలువనా?"

"నాకు అవసరం లేదత్తమ్మా. అక్షిత పుట్టినప్పుడు గూడ ఎయ్యలే. అప్పుడు డాక్టరే వద్దన్నది. ఊకె భయపెడతరు వీళ్లు."

"గట్లనా? సదువుకున్నదానివి, నీకే ఎర్క" అని వెళ్లిపోయింది.

అక్షితప్పుడు వద్దన్న మాట నిజమే. ఎందుకు వద్దన్నారో మాత్రం నేను అడగలేదు. అక్షితది కూడా నెగెటివ్ గ్రూపే. తల్లీ బిడ్డా ఒకటే అయితే సూదితో పనిలేదు. సూది అవసరం లేనిది ఆ కాన్పుకు, నాకు కాదు. పదేళ్లుగా ఆ ముక్కను నా ఒంటికి వర్తించే మాటగా మోసుకు తిరిగాను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడినట్టు, ఇంటిల్లిపాదికీ కాగితాలు చదివి చెప్పేదాన్ని నా కాగితం దగ్గర బోర్లాపడ్డాను.

మార్చి

మార్చి మొదట్లో పరీక్ష ఫలితం వచ్చింది. తేడా ఏమీ లేదు, బిడ్డ బాగుంది. లింబాద్రి ఫోన్‌లో ఏడ్చాడు. అత్తమ్మ నవనాథుల గుట్ట మీదికి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. నేను రోజూ కడుపు మీద చెయ్యి వేసుకొని ఆ ఆగి ఆగి వచ్చిన చప్పుడునే తలుచుకునేదాన్ని. కాగితం మాత్రం బీరువాలో, పసుపు అమ్మిన పాత పట్టీల కింద ఉండిపోయింది.

ఏప్రిల్, ఇరవై ఎనిమిదో వారం

ఎండలు ముదిరాయి. బిడ్డ కదలిక తగ్గిందనిపించి ఆర్మూర్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె నా ఫైలు తిరగేస్తూ, "ఉమ్మనీటి పరీక్ష అయినంక సూది ఎక్కడ ఏయించుకున్నవమ్మా?" అని మామూలుగా అడిగింది. నేను లేదన్నాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది. ఆ పెన్ను చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

రక్తం తీసి పంపింది. రెండు రోజులకు నన్ను పిలిపించి, వెంటనే హైదరాబాదు పొమ్మంది. నేనూ అత్తమ్మా మళ్లీ అదే దారి పట్టాం. బాల్కొండ వైపు నుంచి వచ్చిన బస్సు పెళ్లిళ్ల జనంతో కిక్కిరిసి ఉంది. ఎవరో ముసలాయన లేచి నాకు సీటిచ్చి, హైదరాబాదు దాకా నిలబడే వచ్చాడు.

ఈసారి డాక్టరు బిడ్డ తలలోని రక్తనాళం చూసింది. అందులో రక్తం చాలా వేగంగా పోతోంది అంది.

"ఉరుకుతున్నదంటే మంచిదే గద మేడమ్?" అన్నాను. ఫిబ్రవరిలో నెమ్మదించినందుకే కదా నేను అంత ఏడ్చింది.

"కాదమ్మా. రక్తం పలుచబడితేనే అట్లా ఉరుకుతుంది. చిక్కటి గంజికీ, ఉత్త నీళ్లకీ తేడా ఉండదా? మీ ఒంట్లో తయారైన విరుగుడు బిడ్డ రక్తాన్ని తినేస్తోంది. రెండు రోజుల్లో లోపలికే రక్తం ఎక్కించాలి. లేకపోతే బిడ్డ గుండె తట్టుకోలేదు."

ఇది సూది పరీక్ష వల్లనేనా అని అడిగాను. ఆమె అబద్ధం చెప్పలేదు. అంతకుముందు పోయిన కడుపు వల్ల మొదలై ఉండొచ్చు, ఈ పరీక్షతో రాజుకొని ఉండొచ్చు, దేనివల్లో ప్రమాణం చేసి చెప్పలేను అంది. "ఏదైనా ఆ రెండుసార్లూ సూది పడి ఉండాల్సింది" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

బయట హాలులో కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. గోడవారగా రెండు కుర్చీలు దొరికాయి. అత్తమ్మ స్టీలు టిఫిను మూత తీసి, రొట్టె తుంచి నా నోటి దగ్గర పెట్టింది. అప్పుడే లింబాద్రి ఫోన్ వచ్చింది. జరిగింది చెప్పాను. స్పీకర్ పెట్టి ఉంది.

"సూదెందుకు ఏయించుకోలే?" అన్నాడు. "కాగితం నీ చేతిలనే ఉండె గద సువర్ణా? ఎందుకు ఏయించుకోలే?"

ఆ క్షణంలో నా మీద నాకే రోత పుట్టింది. ఆ రోతను ఒక్క నిమిషం కూడా మోయలేకపోయాను.

"అత్తమ్మనే అన్నది" అన్నాను. "బాయిలర్ వంతు పోతది, తర్వాత సూస్కుందాం అన్నది."

అత్తమ్మ చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగిపోయింది. నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నేనేదో కాగితం చదివి చెబుతుంటే అర్థం చేసుకోవడానికి చూసే చూపే అది. తర్వాత ఫోన్ వైపు వంగింది.

"అవు రా. నేనే అన్న. దాన్నేమనకు, అది ఒట్టి మనిషి గాదు."

"పసుపే గావాల్నా అమ్మా నీకు? పసుపే?" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. తిరిగి ఫోన్ చేయడానికి ఎంతసేపు పడుతుంది? నేను రొట్టె తిన్నాను.

రక్తం దొరకలేదు. ఓ నెగెటివ్ నిల్వ లేదు, ఇచ్చేవాళ్లను తెచ్చుకోండి అన్నారు. నేను ఫోన్ పట్టుకొని తెలిసిన ప్రతి గ్రూపులోనూ మెసేజీ పెట్టాను. దండాలు పెట్టే బొమ్మలు చాలా వచ్చాయి, మనిషి ఒక్కడూ రాలేదు. అత్తమ్మ హైదరాబాదులోనే ఉండే మా చెల్లెలిని పిలిపించి నా దగ్గర కూర్చోబెట్టి, నాతో ఏమీ చెప్పకుండా ఆర్మూర్ బస్సెక్కింది.

ఆమె ఏం చేసిందో నాకు తర్వాత తెలిసింది. బస్సు దిగి నేరుగా మార్కెట్‌కు పోయిందట. మేం పసుపు అమ్మేటప్పుడు మూటలు దింపే హమాలీలు ఆమెకు ఏళ్లుగా ఎరుక. ఒకసారి అక్కడ రక్తం తీసుకునే క్యాంపు పెట్టినప్పుడు నీది పాజిటివు, నీది నెగిటివు అని వాళ్లు ఒకరినొకరు ఆటపట్టించుకోవడం ఆమెకు గుర్తుందట. కుప్ప కుప్ప దగ్గరికీ పోయి, "అయ్యా, ఓ నెగిటివు రక్తమున్నోళ్లు మీల ఎవలన్న ఉన్నరా? నా మనుమడు కడుపులనే సస్తున్నడు" అని అడిగిందట. నలుగురిని అడిగాక ఐదోవాడు చెయ్యెత్తాడట.

ఆయన పేరు పోశెట్టి. నలభై దాటిన మనిషి. తలగుడ్డ కూడా తీయకుండా పసుపు దుమ్ముతోనే హైదరాబాదుకు వచ్చాడు. రక్తం ఇచ్చి వచ్చాక నా మంచం దగ్గర నిలబడి, సిగ్గుపడుతూ నవ్వాడు.

"నెగిటివంటే ఏదో రోగమనుకొని పెండ్లిల గూడ దాసిపెట్టిన చెల్లె. ఇయ్యాల తెలిసింది ఇది ఒగలకు పనికొస్తదని."

నేను లేచి దండం పెట్టబోతే వద్దన్నాడు. "నాకు గాదు. మీ అత్తమ్మకు పెట్టు. ఎర్రటెండల కాళ్లకు చెప్పుల్లేకుండ తిరిగింది. బస్సుల తెగినయంట."

మళ్లీ అదే చల్లటి గది. ఈసారి సూది పోవాల్సింది బొడ్డుతాడులోకి. బిడ్డ కదలకుండా ఉండటానికి ముందు ఏదో మందిచ్చారు. కాసేపటికి లోపల అంతా మౌనమైపోయింది. అది మందు వల్లేనని తెలిసినా నా ప్రాణం నాలో లేదు. పోశెట్టి రక్తం చిన్న గొట్టంలోంచి నా కడుపులోకి పోతుంటే చూస్తూ పడుకున్నాను. మర్నాడు తలలోని నాళం చూసి, నెమ్మదించింది అని డాక్టరు నవ్వింది. ఈసారి ఆ మాట విని సంతోషంతో ఏడ్చాను.

మే

లింబాద్రి ఎమర్జెన్సీ సెలవు పెట్టి వచ్చాడు. మూడు వారాలున్నాడు. రెండోసారి రక్తం ఎక్కించినప్పుడు నా పక్కనే ఉన్నాడు. అప్పుడు రక్తం దవాఖానలోనే దొరికింది. నన్ను కంటికి రెప్పలా చూసుకున్నాడు. వాళ్లమ్మతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె అన్నం పెడితే తిని లేచిపోయేవాడు. నీళ్లిస్తే పక్కన పెట్టేవాడు.

రోజూ చెప్పాలనుకున్నాను. రోజూ ఏదో ఒక సాకు. ఈ రిపోర్టు రానీ, ఈ పరీక్ష కానీ, ఆయన మనసు కుదుటపడనీ. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. నేను చించుకోలేదు, దాని బరువంతా ఆమె కాళ్ల మీద పడేశాను. వెళ్లేరోజు ఆయన దేవుడికి మొక్కి, అక్షితను ముద్దుపెట్టుకొని, నా తల నిమిరి, వాళ్లమ్మ కాళ్లు మొక్కకుండానే ఆటో ఎక్కాడు. ఎప్పుడు వెళ్లినా కాళ్లు మొక్కేవాడు. ఆమె గడపలో నిలబడి కొంగు సర్దుకుంటూ ఆటో మలుపు తిరిగేదాకా చూసింది. వెనక్కి తిరిగి నన్ను చూసి, "ఎండ మస్తున్నది, లోపటికి పా" అంది.

జూన్, జూలై

ముప్పై ఐదో వారంలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగపిల్లాడు. పుట్టిన పూటే కామెర్లతో పచ్చబడ్డాడు. నేను జీవితమంతా చూసిన పసుపు రంగే, కానీ బిడ్డ ఒంటి మీద చూస్తే ఒళ్లు జలదరించింది. నీలం దీపాల కింద పెట్టారు, మళ్లీ రక్తం ఎక్కించారు. మూడు వారాలకు ఇంటికొచ్చాం. బతికాడు. అది రాయడానికి ఇంత సేపు పట్టింది, క్షమించండి.

మా వాడకట్టులో పసిపిల్లలకు నీళ్లు పోయాలంటే అత్తమ్మనే పిలుస్తారు. పీట మీద కూర్చొని కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకొని, నూనె రాసి, నలుగు పెట్టి పోస్తుంది. అక్షితకు ఐదో నెల దాకా ఆమే పోసింది. బాబు ఇంటికొచ్చిన మర్నాడు నీళ్లు కాగాయి, పీట వేశాను, ఆమె రాలేదు. వెళ్లి చూస్తే వాకిట్లో కూర్చొని ఉంది.

"వద్దు బిడ్డా. నా చేతులతోని వద్దు. గా దినం నేను బాయిలర్ అనకుంటె పిలగానికి గింత గోస కాకపోవు."

అక్కడే, వాకిట్లోనే కూర్చుండిపోయాను. "అత్తమ్మా, అది నువ్వనలే. నేనన్న. నువ్వు ఆగుదామన్నవ్. మూడో దినం గూడ అడిగినవ్. నేనే వద్దన్న. భయానికి నీ మీద ఏసిన" అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

ఆమె కొంగుతో నా కళ్లు తుడిచింది. "లేదు పిల్లా. నేనే అన్న. నాకు యాదికున్నది" అంది.

ఆ రాత్రి దాకా ఆగకుండా అప్పటికప్పుడే లింబాద్రికి ఫోన్ చేసి అంతా చెప్పాను. నన్ను తిడతాడనుకున్నాను. "అమ్మకియ్యి" అన్నాడు.

"తిన్నవా బిడ్డా?" అంది అత్తమ్మ. రెండు నెలల తర్వాత కొడుకుతో ఆమె మొదటి మాట అది. అటువైపు ఏడుపు నాకూ వినిపించింది. "ఏడువకు రా. అది నన్ను బాధపెట్టద్దని గట్ల జెప్తున్నది. మంచి పిల్ల. నేనే అన్న రా."

ఆయన నా మాటే నమ్మాడు. నాతో కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు, అది నాకు న్యాయమే. వాళ్లమ్మకు ఇప్పుడు రోజూ ఫోన్ చేస్తాడు. ఆమె మాత్రం నమ్మలేదు.

ఇప్పుడు మళ్లీ ఫిబ్రవరి. బాబుకు ఎనిమిదో నెల, బోర్లాపడి పాకుతున్నాడు, వినికిడి, చూపు అన్నీ బాగున్నాయి. పరీక్ష చేయించుకున్నందుకు నాకు పశ్చాత్తాపం లేదు. సూది గుచ్చినందుకే ఇదంతా అని ఊళ్లో అంటారు, నేను అనను. మీది నెగెటివ్ గ్రూపు అయితే, ఇలాంటి పరీక్ష జరిగినా, కడుపు పోయినా, కాన్పు అయినా, మూడు రోజుల్లోపల ఆ సూది సంగతి డాక్టరును అడగండి. పోయినసారి ఏమన్నారో గుర్తు తెచ్చుకొని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి.

మొన్న మా వంతు బాయిలర్ వచ్చింది. పక్క చేనువాళ్ల కోడలు, నాలుగో నెల కడుపుతో ఉన్న పిల్ల, చూడటానికి వచ్చింది. అత్తమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకొని చెబుతోంది. "దవాఖానోళ్లు ఏం జెప్తె అది సెయ్యి బిడ్డా. మీ అత్త పసుపంటది, మక్కలంటది, ఇనకు. నేను గట్లనే బాయిలర్ వంతని మా కోడల్ని ఆపిన. పిలగాడు సావు దాక పోయొచ్చిండు." నేను వెనకే నిలబడి ఉన్నాను. ఆ పిల్ల అత్తమ్మను చూసిన చూపు నేను చూశాను. ఊళ్లో ఇంకెంతమందికి ఇలా చెప్పుకుందో.

నేను చివర చెబుతానన్న రెండో కారణం ఇదే. మా ఇంట్లో కాగితం మీద ఉన్నదే ఖరారు కదా. అందుకని ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టి, ఈ పొద్దున ఆమెకు చదివి వినిపించాను. ఎండలో కూర్చొని కొమ్ములు ఏరుతూ మొదటి నుంచీ వింది. పోశెట్టి దగ్గర కళ్లు తుడుచుకుంది. బెంచీ మీద కూర్చుందామన్న మాట దగ్గర కాస్త ఆగి మళ్లీ చదువు అంది. మళ్లీ చదివాను.

"మంచిగ రాసినవ్ బిడ్డా" అంది అంతా అయ్యాక. "గని గా బాయిలర్ ముచ్చట ఒక్కటి తప్పు రాసినవ్. నువ్వే గద దవాఖానల జెప్పినవ్, నేనన్ననని. సదువుకున్నదానివి, నువ్వు ఊకె జెప్తవా?"

నేను కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాను.

"పా, నీళ్లు సల్లారుతున్నయ్. పిలగానికి తానం పోయిపో" అంది. నేను లోపలికి వెళ్లి పీట మీద కూర్చొని బాబును కాళ్ల మీద వేసుకున్నాను. ఆమె గడప అవతలే కూర్చొని, తల కింద చెయ్యి పెట్టు, చెవులల్ల నీళ్లు పోనియ్యకు, అని చెబుతూ ఉంది.